బండోడని ఏడిపించే పిల్లాడికి యమషిత ఆట నేర్పడం ఎలా

"మేడమ్, మా గుంటడు బండలాగ ఉన్నాడని ఏ ఆటలోనూ సేర్చుకోట్లేదు. మీరు జూడో నేర్పుతారంట గదా, మీరైనా సేర్చుకోండి."

పోయిన జూన్‌లో బడులు తెరిచిన వారానికి ఒకావిడ చీపురుపల్లి వైపు నుంచి బస్సెక్కి వచ్చి నాతో అన్న మాట ఇది. ఆ గుంటడు పక్కనే ఉన్నాడు. పద్నాలుగేళ్లు, 96 కిలోలు. చొక్కా గుండీ ఊడిపోతుందేమోనని పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అలా నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. బళ్లో ఫొటో తీసినప్పుడల్లా నేనూ అలాగే నిలబడేదాన్ని.

నాది నెల్లిమర్ల. మా అయ్య జూట్ మిల్లులో పనిచేసేవాడు. బళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, "ఏనుగు" అన్నవాళ్లే ఎక్కువ. డిగ్రీలో ఉండగా జూడో పట్టుకున్నాను. అప్పట్లో ఆడవాళ్లకి 72 కిలోలు దాటితే అంతా ఒకటే కేటగిరీ. నేను 82. తర్వాత పీఈటీ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు విజయనగరంలో సాయంత్రాలు ఒక రేకుల షెడ్డులో పిల్లలకి నేర్పుతున్నాను. లావుగా ఉన్న పిల్లల్ని జూడోకి పంపాలనుకునే అమ్మానాన్నల కోసం, నాలాంటి పీఈటీల కోసం ఇది రాస్తున్నాను. నేను నేర్పే పద్ధతంతా జపాన్ హెవీవెయిట్ యసుహిరో యమషిత ఆటని ముందు పెట్టుకుని తయారుచేసుకున్నదే.

ఆయన్నే ఎందుకంటే, 203 మ్యాచులు వరసగా గెలిచాడని కాదు. ఆయన కథలో ఒక్క ముక్కని మాత్రం పట్టుకుని పిల్లల కాళ్లు విరగ్గొట్టే కోచ్‌లు ఉన్నారు. అలాంటి ఒకరి చేతిలో నా మోకాలు పోయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక నోటు పుస్తకం

రూళ్ల పుస్తకం ఒకటి కొనండి. మొదటి పేజీలో ఆయన జీవితాన్ని సంవత్సరాల వారీగా పిల్లాడి చేతే రాయించండి. మీరు రాసిస్తే వాడు చదవడు.

1957 జూన్ 1న క్యూషూ దీవిలోని కుమమోటో ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ భారీ మనిషి, దానికి తోడు అల్లరి. వీణ్ని ఎలాగైనా దారిలో పెట్టాలని ఇంట్లోవాళ్లు జూడోలో చేర్పించారు. 1977లో పందొమ్మిదేళ్లకే ఆల్ జపాన్ ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీలో బరువు కేటగిరీలు ఉండవు, ఎవరైనా ఎవరితోనైనా తలపడాల్సిందే. అక్కడి నుంచి 1985 దాకా ఏటా ఆయనే, మొత్తం 9 సార్లు. 1979 పారిస్ ప్రపంచ పోటీల్లో 95 కిలోల పైబడిన విభాగంలో స్వర్ణం. 1981 మాస్ట్రిక్ట్‌లో రెండు స్వర్ణాలు, ఒకటి 95 పైన, రెండోది బరువు పరిమితి లేని ఓపెన్‌లో. 1983 మాస్కోలో మళ్లీ 95 పైన. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ఓపెన్ విభాగంలో స్వర్ణం. 1985లో ఆట మానేశాడు, అప్పటికి 28 ఏళ్లు. 1977 నుంచి చివరి మ్యాచ్ దాకా మధ్యలో కొన్ని డ్రాలు తప్ప ఓటమి లేదు.

ఇదంతా రాయించాక ఎర్ర పెన్ను ఇచ్చి 1980 చుట్టూ సున్నా చుట్టమనండి. ఒలింపిక్స్ జరిగిన ఏడాదే, అయినా ఆయనకి ఒలింపిక్ పతకం కనబడదు. మనం మొదలుపెట్టాల్సింది అక్కడే.

మాస్కో ఒలింపిక్స్‌కి జపాన్ వెళ్లకూడదని నిర్ణయించింది. అప్పటికి యమషిత మంచి ఫామ్‌లో ఉన్నాడు. మమ్మల్ని పంపండని ఆటగాళ్లంతా కలిసి మొరపెట్టుకున్నారు, వాళ్లలో ఆయనా ఉన్నాడు. పంపలేదు. ఆ తర్వాత స్వదేశంలో జరిగిన పోటీలో సుమియో ఎండోతో మ్యాచ్ పడింది. ఎండో తక్కువవాడేం కాదు, 1979లో ఓపెన్ ప్రపంచ టైటిల్ గెలిచినవాడు. అతను "కాని-బసామి" వేశాడు. పీత డెక్కల్లాగా రెండు కాళ్లతో ఎదుటివాడి కాళ్లని కత్తెర వేసి వెనక్కి పడేసే త్రో అది. యమషిత ఎడమకాలి చిన్న ఎముక విరిగింది. మ్యాచ్ డ్రా అన్నారు. తర్వాత ఆ త్రోని పోటీల్లో నిషేధించారు. మీ పిల్లలు ఫోన్‌లో చూసి వేద్దామని సరదా పడితే అక్కడికక్కడే ఆపేయండి. ఇందులో బుజ్జగింపులు లేవు.

ఒలింపిక్స్ పోయింది, కాలూ విరిగింది, రెండూ ఒకే ఏడాదిలో. తర్వాతి ఏడాది రెండు ప్రపంచ స్వర్ణాలు. ఈ రెండింటి మధ్య ఏం జరిగి ఉంటుందో పిల్లాణ్ణే అడగండి. మా చీపురుపల్లి గుంటడు కాసేపు ఆలోచించి "ఊరుకున్నాడేమో మేడమ్, కట్టు ఇప్పేదాకా" అన్నాడు. వాడి మీద నాకు ఆశ పుట్టింది ఆ మాటతోనే.

పడటం

మొదటి మూడు వారాలు పడటం తప్ప ఇంకేమీ నేర్పను. అమ్మానాన్నలకి ఇది నచ్చదు. ఫీజు కట్టి పిల్లాణ్ణి పంపితే రోజూ కింద పడేస్తున్నారేంటని ఒకాయన మొహం మీదే అడిగాడు. ఆయనకి మ్యాట్ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అరగంట చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

లావుపాటి పిల్లలకి పడటంలో ఒక చిక్కు ఉంది. వాళ్ల భయం పడటం గురించి కాదు, లేవడం గురించి. చేతులు నేలకి ఆనించి, మోకాళ్ల మీదికి వచ్చి, ఆయాసపడుతూ లేస్తుంటే పక్కవాళ్లు చూసి నవ్వుతారు. అందుకని పడకుండా ఉండాలని ఒళ్లంతా బిగదీసుకుంటారు. బిగుసుకున్న ఒళ్లే దెబ్బ తింటుంది. కాబట్టి ముందు లేవడం నేర్పండి. వెల్లకిలా పడుకున్నవాడు ఒక పక్కకి దొర్లి, ఒక మోచెయ్యి, ఒక మోకాలు, తర్వాత పాదం, ఈ వరసలో పైకి రావాలి. మొదటి వారం నా షెడ్డులో అందరూ, 35 కిలోల బక్కపిల్లతో సహా, అలాగే లేవాలి. అందరూ ఒకేలా లేస్తుంటే నవ్వడానికి ఎవరూ మిగలరు.

తర్వాత వెనక్కి పడటం. గొంతుక్కూర్చుని మొదలుపెట్టండి, నిలబడి కాదు. మడతపెట్టిన తువ్వాలు గడ్డం కింద నొక్కి పట్టుకోమనండి. పడినప్పుడు తువ్వాలు జారిందంటే మెడ వెనక్కి వాలినట్టే, తల వెనకభాగం నేలకి కొట్టుకుంటుందన్నమాట. చేతులు రెండూ ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులతో మ్యాట్‌ని చరచాలి. రోజుకి 50 సార్లు. తువ్వాలు జారకుండా వరసగా పది రోజులు చేస్తేనే నిలబడి పడే దశకి పంపిస్తాను. జపాన్‌లోనే బడి పిల్లలు, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లు, తల వెనక దెబ్బ తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి. జూడో పుట్టిన దేశంలోనే అలా అయితే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూసుకోండి.

మ్యాట్ సంగతి. అసలైన జూడో మ్యాట్‌లు కొనడం ఊరి బడులకి తలకి మించిన భారం. నేను మొదట్లో గోనె సంచుల్లో ఎండుగడ్డి కూరి కుట్టాను. మిల్లు ఊళ్లో పుట్టినదాన్ని, గోనెకి కొదవ లేదు. వానాకాలం రాగానే గడ్డి నాని వాసన కొట్టింది, ఆపైన ఎలుకలు. రెండో ఏడాది గడ్డి తీసేసి కొబ్బరి పీచు నింపాను. ఉద్దానం వైపు చుట్టాలుంటే పీచుకి ఇబ్బంది ఉండదు. జానెడు మందం వచ్చేలా నింపి, సంచుల్ని ఒకదానికొకటి దబ్బనంతో కుట్టేసి, పైన టార్పాలిన్ ముడత లేకుండా లాగి కట్టాలి. ముడత ఉంటే కాలివేళ్లు అందులో ఇరుక్కుంటాయి. పరీక్ష ఏంటంటే, మీరే దాని మీద మోకాళ్లతో దబ్బున కూర్చోండి. కింద గచ్చు తగిలినట్టు అనిపిస్తే ఇంకో వరస వేయాలి. అయినా సరే, ఇది గొంతుక్కూర్చుని పడటానికి, నేల మీద పట్లకి మాత్రమే. నిలబడి ఎత్తి వేసే త్రోలకి ఫోమ్ మ్యాట్ ఉండాల్సిందే. అది దొరికేదాకా త్రో పూర్తి చేయకండి, ఎదుటివాడి తూకం తప్పించే దగ్గర ఆపేయండి.

ఒక త్రో, ఒక పట్టు

మా ప్రాంతంలో బలం అంటే సంగిడి రాయి. పండక్కి ఊళ్లో రాయి ఎత్తినవాడే మొనగాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న కథ వినకుండా ఇక్కడ ఎవరూ పెరగరు. ఊసవానిపేట కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. వాళ్లంటే నాకూ గర్వమే. కానీ లావుపాటి కొడుకుని తెచ్చిన ప్రతి తండ్రీ "వీడు బస్తా ఎత్తేస్తాడు మేడమ్" అంటాడు. బస్తా కదలదు నాయనా, మనిషి కదులుతాడు. ఎత్తబోతే ఆ రెండో మనిషి మీ వాడి కాలే లాగేస్తాడు.

యమషిత ఎత్తు 180 సెంటీమీటర్లు, బరువు 127 కిలోల ఆసుపాసు. అంత మనిషి ఎదుటివాణ్ణి ఎత్తి గిరాటేసిన దృశ్యాల కోసం వెతక్కండి. ఆయన చేసేది చాలావరకు ఒకే తరహా. ఎడమవైపు గ్రిప్పు పట్టి, అడుగు అడుగుగా దగ్గరికి వచ్చి, ఎదుటివాడి కాలిని బయటివైపు వెనక నుంచి కొట్టి పడేసే త్రో, ఒసొటో-గారి వేస్తాడు. అది సగంలో ఆగితే లోపలి కాలి త్రో, ఔచి-గారి. ఎదుటివాడు పడ్డాడా, ఇక వదలడు, వాడితో పాటే నేల మీదికి దిగి పట్టు బిగిస్తాడు. టోకై యూనివర్సిటీలో ఆయన గురువు నోబుయుకి సాటో నేల పట్లలో ఆరితేరినవాడు, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. హెవీవెయిట్లు సాధారణంగా నేల మీద పనిని బద్ధకిస్తారు. యమషిత బద్ధకించలేదు. ఆయన ఆట మొత్తంలో మన పిల్లలకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అంటాను నేను.

ఒసొటో-గారిలో "గారి" అంటే కోయడం. వరి కోసినట్టు. ఈ మాట చెబితే మా పిల్లలకి సగం అర్థమైపోతుంది. వరి కోసేటప్పుడు దుబ్బుని ఎడమ చేత్తో పట్టి కాస్త వంచాకే కొడవలి వేస్తాం. నిటారుగా ఉన్న దుబ్బు మీద కొడవలి వేస్తే జారుతుంది. ఇక్కడా అంతే. ముందు ఎదుటివాడి బరువంతా ఒక మడమ మీదికి వచ్చేలా చేతులతో వంచాలి, తర్వాతే కాలితో వెనక నుంచి కోయాలి. లావుపాటి పిల్లలు చేసే తప్పు ఒక్కటే, వంచకుండా కోసేస్తారు. బరువుంది కాబట్టి బక్కవాడి మీద అది కూడా పనిచేస్తుంది! జిల్లా పోటీల దాకా పనిచేస్తుంది. ఆ పైన తనంత బరువున్నవాడు ఎదురైన రోజున ఆ త్రో తిరగబడి వీడే వెల్లకిలా పడతాడు.

ఇంటి దగ్గర సాధన ఇలా చేయించండి. పాత సైకిల్ ట్యూబు వేపచెట్టుకి ఛాతీ ఎత్తున కట్టి, రెండు కొసలు రెండు చేతుల్లో పట్టించండి. అడుగు వేస్తూ లాగాలి, ఛాతీ ముందుకు రావాలి, నడుం వంగకూడదు. ఎడమకి 30 సార్లు, కుడికి 30. తర్వాత చెట్టు మొదలుకి పాత చొక్కా కట్టి గ్రిప్పు పట్టించండి. కాలు విసరడం మాత్రం చెట్టు దగ్గర వద్దు. మా పిల్లొకతె ఉత్సాహంలో చెట్టుని కోసేసి, బొటనవేలు గోరు ఊడగొట్టుకుంది.

పట్టు సంగతికొస్తే, యోకో-షిహో-గటామె. మా షెడ్డులో దీన్ని "అడ్డపట్టు" అంటారు. వెల్లకిలా పడ్డవాడి మీద అడ్డంగా, ఛాతీ మీద ఛాతీ పెట్టి పడుకోవాలి. ఒక చెయ్యి మెడ కింద నుంచి వెళ్లి కాలర్ పట్టుకుంటుంది, రెండోది కాళ్ల మధ్య నుంచి బెల్టునో ప్యాంటునో. తుంటి కిందికి దించాలి. తుంటి లేచిందా, కింది వాడు వంతెనలా ఎగిరి తప్పించుకుంటాడు. ఇప్పుడు 20 సెకన్లు పడితే ఇప్పాన్, మ్యాచ్ అయిపోయినట్టే. యమషిత రోజుల్లో 30 సెకన్లు పట్టాలి. నేను 30కే చేయిస్తాను. 20 అయ్యాక వదిలేయాలనిపించే ఆ పది సెకన్లలోనే వాడికి తన బరువుని ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఈ పట్టులో బరువైన పిల్లాడికి మొదటిసారి తన ఒళ్లు పనికొచ్చే వస్తువులా అనిపిస్తుంది. మా వాడు మొదటిసారి 30 లెక్కపెట్టాక పైకి లేచి, కింద ఉన్న పిల్లాడితో "నొప్పెట్టిందేటిరా?" అన్నాడు. లేదన్నాడు వాడు, "ఊపిరాడనేదంతే" అని కూడా అన్నాడు. ఛాతీ మీద పడుకోండి, మొహం మీద కాదు అని ప్రతిసారీ చెప్పాలి.

1984 వీడియో చూడటం

ఇక అందరికీ తెలిసిన కథ. పిల్లాడితో కలిసి కూర్చుని చూడండి, వాణ్ణి ఒక్కణ్ణే వదిలేయకండి. ముందు నేపథ్యం చెప్పండి. లాస్ ఏంజెలెస్ ఓపెన్ విభాగం, ఆగస్టు 11. రెండో మ్యాచ్ పశ్చిమ జర్మనీ ఆర్థర్ ష్నాబెల్‌తో. అందులో యమషిత కుడికాలి పిక్క కండరం చిరిగింది. కుంటడం మొదలుపెట్టాడు, అది అందరికీ కనిపించింది.

ఇక్కడ ఆపి ఒక ప్రశ్న వేయండి. "ఎడమవైపు ఒసొటో-గారి వేసేవాడికి కుడి పిక్క పోతే ఏమవుతుంది?" లేచి నిలబడి, చేసి చూపించమనండి. ఎడమ కాలు గాల్లో కోతకి వెళ్లినప్పుడు ఒళ్లు మొత్తం కుడికాలి మీదే నిలుస్తుంది. అంటే పోయింది కొడవలి కాదు, కోసేవాడు నిలబడ్డ గట్టు. నొప్పి అందరికీ ఉంటుంది గానీ, ఆయన త్రోకి పునాదే పోయింది. ఇది అర్థమైతేనే తర్వాత చూసేదానికి విలువ.

ష్నాబెల్‌ని ఎలా గెలిచాడు? నేల మీదికి దింపి, కాలర్‌తో మెడ బిగించి. ఈ బిగింపు చిన్న పిల్లలకి నేర్పకండి, చూడనివ్వండి చాలు. సెమీఫైనల్ ఫ్రాన్స్‌కి చెందిన లోరాన్ డెల్ కొలంబోతో. మొదలైన కాసేపటికే అతను యమషిత మీదే ఒసొటో-గారి వేసి చిన్న పాయింటు తీసుకున్నాడు. తన త్రోతో తననే! మళ్లీ ఆపండి. వెనకబడ్డాక యమషిత మొహం చూడమనండి, పరుగెత్తాడా, కంగారు పడ్డాడా అని అడగండి. తర్వాత అదే ఒసొటో-గారి ఆయన తిరిగి వేసి, పడ్డవాణ్ణి వదలకుండా అడ్డపట్టు పట్టాడు. అయిపోయింది.

ఫైనల్ ఈజిప్టు ఆటగాడు మొహమ్మద్ అలీ రష్వాన్‌తో. రష్వాన్ ఆ గాయపడ్డ కాలి జోలికి వెళ్లలేదని కథలు కథలుగా చెబుతారు, ఆయనకి ఫెయిర్ ప్లే అవార్డు కూడా వచ్చింది. నేను పిల్లలకి చెప్పేటప్పుడు కాస్త సరిచేసి చెబుతాను. రష్వాన్ జాలిపడి చేతులు కట్టుకుని నిలబడలేదు, దాడి చేశాడు. ఆ దాడి దారి తప్పిన క్షణంలోనే యమషిత అతన్ని కిందికి తెచ్చి అడ్డపట్టు వేశాడు. 1 నిమిషం 5 సెకన్లకి మ్యాచ్ ముగిసింది. కుంటుతున్నవాణ్ణి పోడియం ఎక్కేటప్పుడు పట్టుకుని సాయం చేసింది మాత్రం రష్వానే. మర్యాదగా ఆడటం అంటే మెల్లగా ఆడటం అని పిల్లలు అనుకుంటారు. ఆ పొరపాటు ఇక్కడే దిద్దాలి.

ఇప్పుడు పుస్తకంలో రాయించండి: ష్నాబెల్, నేల మీద. డెల్ కొలంబో, నేల మీద. రష్వాన్, నేల మీద. కాలు పోయాక మూడు మ్యాచులూ ముగిసింది నేల మీదే. ఆ పని ఆ రోజు పుట్టుకొచ్చింది కాదు. కాళ్లు రెండూ బాగున్న రోజుల్లో ఏళ్ల తరబడి సాటో దగ్గర నేర్చుకున్నది.

దెబ్బ తగిలితే

నా మోకాలి కథ ఇప్పుడు. యూనివర్సిటీ పోటీలకి వెళ్లాను. రెండో మ్యాచులో ఎడమ మోకాలు లోపలికి మెలి తిరిగింది. గెలిచాను గానీ కాలు మోపలేకపోయాను. మాతో వచ్చిన కోచ్ నా దగ్గర కూర్చుని యమషిత కథ చెప్పారు. "ఆయన చిరిగిన కండరంతో ఒలింపిక్స్ గెలిచాడు, నువ్వు ఈ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నారు. నాకు ఇరవై ఏళ్లు. లేచి వెళ్లాను. మూడో మ్యాచులో ఇరవై సెకన్లలో ఓడిపోయాను. ఆ మోకాలు మళ్లీ నాది కాలేదు. చలికాలం వచ్చిందంటే ఇప్పటికీ మెట్లు పక్కకి తిరిగి దిగుతాను, పీతలాగా.

ఆ కోచ్ చెప్పింది అబద్ధం కాదు, అరకొర. యమషితకి అప్పుడు 27 ఏళ్లు. ఒక ఒలింపిక్స్ చేతికందకుండా పోయింది, ఇంకొకటి వస్తుందన్న నమ్మకం లేదు. జీవితంలో ఆ ఒక్క రోజు కోసం కాలు పణం పెట్టాడు, అది ఆయన నిర్ణయం. అదే మనిషి 1980లో కాలు విరిగినప్పుడు విరిగిన కాలితో తిరిగి రాలేదు. ఎముక అతికాకే వచ్చాడు. మీ పిల్లాడు ఆడేది మండల పోటీ. వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

నా షెడ్డులో నియమం ఇది. కీలు దగ్గర నొప్పి వచ్చినా, వాపు కనిపించినా, కుంటినా ఆ రోజుకి ఆట లేదు, ఎంత ఏడ్చినా సరే. తల నేలకి తగిలితే నొప్పి లేదన్నా ఆట లేదు, డాక్టరు చూసి సరే అనేదాకా మ్యాట్ ఎక్కనివ్వను. వాంతి, మత్తు, తలనొప్పి పెరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దెబ్బ తగిలిన పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి, షెడ్డుకే రమ్మనండి. స్కోరు రాయడమో, టైం చూడడమో పని పెట్టండి. ఇంట్లో కూర్చున్నవాడు మళ్లీ "బండోడు" అయిపోతాడు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పోటీ కోసం పిల్లల బరువు దించొద్దు, హెవీ కేటగిరీ కదా అని మేపొద్దు. మొదట్లో ఒకసారి బీపీ, షుగరు, మోకాళ్లు డాక్టరుకి చూపించండి. మా వాడు పొద్దున్న పూరీలు మాని చోడి అంబలి తాగుతున్నాడు. సాయంత్రం బస్సు దిగాక తినే బజ్జీల గురించి వాళ్లమ్మ నాకు చెబుతుంది, నేను విననట్టు ఉంటాను. రోడ్డు మీద పరుగులు వద్దు, ఆ బరువంతా మోకాళ్లే మోయాలి. పెద్దచెరువు గట్టు మీద గంట నడక చాలు.

సైటో లాంటి ఒకడు కావాలి

బరువైన పిల్లాడికి మన ఊళ్లలో అసలు లోటు మ్యాట్ కాదు, జోడీ. 96 కిలోలవాణ్ణి 50 కిలోలవాడితో కట్టబెడితే వీడు ఏమీ నేర్చుకోడు, వాడికి దెబ్బలు. యమషితకి హితోషి సైటో ఉన్నాడు. వయసులో చిన్నవాడు, బరువులో ఏం తక్కువ కాదు, ఒకే దేశం. సైటో 1984లోను, 1988 సియోల్‌లోను 95 కిలోల పైబడిన విభాగంలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. సియోల్‌లో జపాన్‌కి జూడోలో వచ్చిన స్వర్ణం అదొక్కటే. అంతటివాడు యమషితని ఒక్కసారి కూడా ఓడించలేకపోయాడు. ఎవరెస్టు ఎక్కాను గానీ ఫుజి కొండ ఎక్కలేకపోయానని ఆయనే చెప్పుకున్నాడు. వెనక నుంచి అలాంటివాడు తరుముతుంటే ముందున్నవాడికి బద్ధకించే వీలెక్కడిది?

మీ పిల్లాడికి జోడీ కోసం మీ బళ్లోనే వెతక్కండి. చుట్టుపక్కల పీఈటీలకి ఫోన్ చేసి "మీ దగ్గర ఏ ఆటకీ పనికిరాడని పక్కన పెట్టినవాడు ఎవరైనా ఉన్నాడా?" అని అడగండి. నేను అలా అడిగితే మూడు రోజుల్లో నలుగురు దొరికారు. వాళ్లలో బొండపల్లి నుంచి వచ్చినవాడు 101 కిలోలు. సొంత త్రో లేదు గానీ, ఎవరు తోసినా కదలడు. ఆదివారం ఆదివారం వీళ్లిద్దరికీ కలిపి క్లాసు. మొదటి నెల నేల పట్లు మాత్రమే, నిలబడి ఆట వద్దన్నాను. ఇద్దరు బరువైన కొత్తవాళ్లు నిలబడి తలపడి ఒకరి మీద ఒకరు పడితే మోకాళ్లు ఉండవు.

మొదటి ఆదివారం మా వాడు 30 సెకన్ల పట్టు వేయబోతే, ఆ బొండపల్లి గుంటడు వీణ్ణి దుప్పటి తీసినట్టు పక్కకి తీసేశాడు. మా వాడు లేచి కూర్చుని నా వైపు తిరిగి నవ్వాడు. పొట్ట పీల్చుకోవడం మరిచిపోయాడు.

మొన్న వాళ్లిద్దరికీ 1985 ఆల్ జపాన్ ఫైనల్ గురించి చెప్పాను, యమషిత, సైటోల చివరి మ్యాచ్. మధ్యలో యమషిత త్రోకి వస్తే సైటో ఆపి, తిప్పికొట్టి పడేశాడు. పాయింటు ఇవ్వలేదు. చివరికి రిఫరీల నిర్ణయం యమషిత వైపు వచ్చింది. 203 అక్కడితో ఆగింది, ఆ జూన్‌లోనే రిటైర్ అయ్యాడు. నిజానికి ఆ రోజు సైటోదే గెలుపు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

"పడ్డాడంటే పడ్డట్టే గదేటి మేడమ్, పాయింటెందుకివ్వలేదు?" అన్నాడు బొండపల్లివాడు.

"మ్యాచంతా మీదకొచ్చినోడు యమషితే గదరా" అన్నాడు మా వాడు.

చెప్పడం కాదు, చేసి చూడండన్నాను. ఇద్దరూ మ్యాట్ మీదికి వెళ్లి, నెమ్మదిగా, ఎవరూ ఎవర్నీ పడేయకుండా, అడుగులు మాత్రం వేస్తూ, ఎవరు ఎటు వాలితే ఎవరిది తప్పో తేల్చుకోవడం మొదలుపెట్టారు. చీపురుపల్లి బస్సు వెళ్లిపోతోందని వాళ్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి రెండుసార్లు కేకేసింది. ఇద్దరిలో ఒక్కడూ వినలేదు.